ఓడలరేవు నుంచి ఒక గోల్‌కీపరు, ఒక చేపల పెట్టె

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి, లేకపోతే ఈ ప్రయాణం ఎందుకో అర్థం కాదు. విజయవాడలో ఒక మహిళల ఫుట్‌బాల్ క్లబ్బుకి నేను మేనేజర్ని. మేనేజరనగానే ఆట నేర్పే మనిషి అనుకోకండి, దానికి కోచ్ గారు వేరే ఉన్నారు. నేను టికెట్లు తీస్తాను, గదులు మాట్లాడతాను, ఇరవైమంది ఆడపిల్లలకి వేళకి ఇడ్లీ పెట్టిస్తాను. ఇంతకుముందు చాలా ఏళ్లు ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనిచేశాను. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు గాని, ఏ స్టేషన్లో పెరుగన్నం తినొచ్చో, ఎక్కడ తినకూడదో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మాది జాతీయ లీగే, కాకపోతే రెండో అంచె. పై అంచెవాళ్లకి టీవీలు, విమానాలు ఉంటాయి. మాకు స్లీపర్ బోగీలు, కాలేజీ గ్రౌండ్లు, గోల్ వెనకాల మేసుకునే మేకలు. ఈ సీజన్లో అస్సాం వెళ్లాం, గోవా వెళ్లాం, ఒడిశా రెండుసార్లు వెళ్లాం. గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. మిగిలింది ఒక్క ఆట, ఆదివారం, సొంత ఊళ్లో. డ్రా చేసుకున్నా లీగులో ఉంటాం. ఓడితే కిందికి పోతాం. కిందికి పోతే ఇక క్లబ్బు నడపలేనని యజమాని ముందే చెప్పేశాడు.

సరిగ్గా ఇలాంటి వారంలో మా గోల్‌కీపరు సత్యవేణి ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయింది.

జరిగింది ఇది. మొదటి కీపరుకి సీజను మధ్యలో వేలు విరిగితే, అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్న సత్యవేణిని గోల్‌లో నిలబెట్టారు. పంతొమ్మిదేళ్లు, తాటిచెట్టంత పొడుగు, ఊరు కోనసీమలో ఓడలరేవు. బాగానే ఆడింది. కాని ఒకే రకం గోలు మూడుసార్లు తిన్నాం. బంతి పైనుంచి వస్తుంది. మా డిఫెండరు పూజ ‘మేరా’ అని అరుస్తుంది, అంటే బంతి నాదీ అని. అరిచిన మనిషే చివరి క్షణంలో ఆగిపోతుంది. బంతి ఇద్దరి మధ్యనుంచి గోల్‌లోకి పోతుంది. ఎందుకాగావమ్మా అంటే, “సత్య తను వస్తున్నానని అరిచింది, అందుకే వదిలేశాను” అంటుంది పూజ. కీపరు వస్తున్నానంటే మిగతావాళ్లు తప్పుకోవాలన్నది కోచ్ గారి నియమం. సత్యని అడిగితే “నేనేమీ అనలేదండీ” అంటుంది. గ్రౌండు బయట ఉన్న మాకెవరికీ ఏదీ వినపడదు.

పూజది జార్ఖండ్. జట్టులో అందరికంటే పెద్దది, ఉన్నదున్నట్టు మాట్లాడే పిల్ల. మూడోసారి అదే జరిగేసరికి అందరిముందూ సత్యని “ఝూఠీ” అనేసింది. అబద్ధాలకోరు అని. కోచ్ గారు పూజని మందలించలేదు. దాంతో ఆయన ఎవరి మాట నమ్మారో అందరికీ తెలిసిపోయింది. మర్నాడు పొద్దున్న హాస్టల్లో సత్య మంచం ఖాళీగా ఉంది. ఫోను స్విచ్చాఫ్.

“మీరు తెలుగువారు కదా, మీరు వెళ్లి తీసుకురండి” అన్నారు కోచ్ గారు. ఆయనది కేరళ. తెలుగు రావడమే అర్హతయితే రాష్ట్రంలో నాకన్నా తగినవాళ్లు కోట్లలో ఉన్నారు. ఆ మాట పైకి అనకుండా, మర్నాటి రైలుకి టికెట్ తీసుకున్నాను.

బుధవారం పొద్దున్న ఆరుంబావుకి బయల్దేరాను. సెకండ్ సిట్టింగు, కిటికీ పక్క సీటు. కిటికీ దొరక్కపోతే నాకు రోజంతా చిరాగ్గా ఉంటుంది, కాబట్టి ఈ వివరం ముఖ్యం. నా పక్కన మండపేట వెళ్లే ఒకావిడ కూర్చుంది. భర్త రైసుమిల్లులో గుమస్తా అట. ఏలూరు దాటకుండానే తన ఇంటి సంగతులన్నీ చెప్పేసి, నావి అడగడం మొదలుపెట్టింది.

“అమలాపురంలో చుట్టాలున్నారాండీ?”

“లేదండీ. ఓడలరేవులో మా గోల్‌కీపరుంది.”

ఇంత చెప్పాక అంతా చెప్పక తప్పలేదు. మాది సెకండ్ టైర్ లీగండీ అన్నాను. ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. “సెకండ్ టైరంటే, మిమ్మల్ని ఏసీ టూ టైర్లో తిప్పుతారాండీ?”

“అంత భాగ్యం కూడానా. స్లీపరండీ, అదీ వెయిటింగ్ లిస్టు.”

“ఆయ్” అంది జాలిగా. ఆ తర్వాత నేనేం చెప్పినా ఆయ్, ఆయ్ అంటూనే ఉంది. గోదావరి వైపు వెళ్లనివాళ్లకోసం చెబుతున్నాను, అక్కడ ఔననడానికీ ఆయ్, సరేననడానికీ ఆయ్, వింటున్నాను చెప్పండి అనడానికీ ఆయే. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఆయ్ అనకుండా కూర్చుంటే పొగరనుకుంటారు. హాస్టల్లో మా తెలుగు పిల్లలు సత్యని దీనికే ఆటపట్టించేవాళ్లు.

రాజమండ్రిలో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. స్టేషన్ బయట పెసరట్టు తిని, ఆటోలో బస్టాండుకి పోయి అమలాపురం బస్సెక్కాను. ఎవరైనా ఈ దారిన వెళ్లదలుచుకుంటే ఎడమవైపు కూర్చోండి, ఎండ కుడివైపు కొడుతుంది. రావులపాలెంలో బస్సు ఆగింది ఆగినట్టే ఉండిపోయింది. డ్రైవరు టీకి వెళ్లాడు, కండక్టరు అరటిగెలల బేరానికి వెళ్లాడు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి “బాబూ, ఇవాళేనా వెళ్లేది?” అని అడిగాను. “ఆయ్, ఇదిగో వచ్చేస్తున్నానండీ” అని ఎంత మర్యాదగా అన్నాడంటే, కోపం తెచ్చుకోవడానికి నాకు వీలు లేకపోయింది. వచ్చింది మాత్రం గెల తూకం అయ్యాకే.

కొత్తపేటలో ఒక పెద్దాయన ఎక్కి నా వెనక సీట్లో కూర్చున్నాడు. మెడలో టేపు అలాగే ఉంది, టైలరని చెప్పక్కర్లేదు. నేను ఫోన్లో కోచ్ గారితో మాట్లాడటం విని, ఫోను పెట్టగానే ముందుకి వంగాడు.

“ఓడలరేవు సత్యవేణి సంగతాండీ మీరు మాట్లాడేది?”

“మీకు తెలుసా అండీ?”

“మనిషిని చూడలేదండీ. యూట్యూబులో అన్ని ఆటలూ చూసేనండీ. మన జిల్లా పిల్ల కదా. మిషను ముందు ఫోను పెట్టుకుని కుట్టుకుంటా చూస్తానండీ.”

మా ఆటల్ని ఎంతమంది చూస్తున్నారో తెరమీద కింద అంకె పడుతుంది. ఒకోసారి మా పిల్లల తల్లిదండ్రులని తీసేస్తే ఎవరూ మిగలరని నవ్వుకునేవాళ్లం. మిగిలినవాళ్లలో ఒకాయన కొత్తపేటలో జాకెట్లు కుడుతూ ఉన్నాడన్నమాట.

“ఒకటి అడగొచ్చాండీ?” అన్నాడు. “ఆ పూజ అనే అమ్మాయి మూడుసార్లూ బంతి దగ్గరికంటా వచ్చి ఆగిపోయిందండీ. భయపడి కాదండీ అది. ఎవరో ఆగమంటే ఆగినట్టు ఆగింది. ఎవరాపేరండీ?”

“అదే తెలియక వెళుతున్నానండీ” అన్నాను. అంబాజీపేటలో కొబ్బరికాయల రాశుల పక్కన ఆయన దిగిపోతూ, అమ్మాయిని అడిగానని చెప్పమన్నాడు. పేరు అడిగితే, పేరెందుకండీ, టైలరని చెప్పండి చాలన్నాడు.

అమలాపురం చేరేసరికి పన్నెండున్నర. గడియారస్తంభం దగ్గరలో ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. ఫ్యాను తిరుగుతుంది, నీళ్లు వస్తాయి, దుప్పటి ఉతికి ఉంది. నా లెక్కలో ఇది మంచి లాడ్జి. పక్క సందులో భోజనం పెట్టారు, పనసపొట్టు కూర ఆవపెట్టి. నేను కూర మళ్లీ అడిగితే వడ్డించేవాడు ఆయ్ అంటూ వచ్చి, అడగని పప్పు కూడా వేసిపోయాడు. తినేసి పడుకోవాలనిపించింది గాని వచ్చింది అందుకు కాదు కాబట్టి మూడింటికి ఓడలరేవు షేర్ ఆటో ఎక్కాను. ఆటోలో నాతోపాటు గ్యాస్ టెర్మినల్ క్యాంటీన్లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు, ఒక ఐసు పెట్టె. దారికి రెండు పక్కలా కొబ్బరితోటలు, వాటి మధ్య రొయ్యల చెరువులు. చివరికొచ్చేసరికి చెట్లు పల్చబడి, ఒకవైపు గ్యాసువాళ్ల గోడలు, ఎత్తయిన గొట్టం చివర మంట, ఇంకోవైపు గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలిసే చోటు కనిపించాయి.

సత్యవేణి ఇల్లు అడిగితే ఆటోలో అందరికీ తెలుసు. వాళ్ల నాన్న కొండబాబు వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, కుర్చీ తెచ్చి వేసి, మజ్జిగ ఇప్పించాడు. భార్య మస్కట్లో పనిచేస్తోందట. “పిల్ల ఏమీ చెప్పలేదండీ మేడంగారూ. వచ్చింది, బ్యాగు అటక మీద పడేసింది, మర్నాటినుంచి రొయ్యల షెడ్డుకి పోతంది. నేనడగలేదండీ. అడిగితే ఏడుస్తాదని భయమండీ నాకు.”

అయిదింటికి సత్య వచ్చింది. రొయ్యల తలలు తీసే షెడ్డు అది, చేతులు తెల్లగా నానిపోయి ఉన్నాయి. నన్ను చూసి ఆగిపోయింది. నేను దారంతా తయారుచేసుకున్న ఉపన్యాసం మొత్తం చెప్పాను. క్లబ్బు మూతపడుతుందన్నాను, ఆదివారం నువ్వు రాకపోతే ముందు వరసలో ఆడే పిల్లకి గ్లవ్స్ తొడిగి నిలబెడతారన్నాను. కొత్తపేట టైలరు సంగతి కూడా చెప్పాను. ఆయన మాట దగ్గర కాస్త నవ్వింది. మిగతాదంతా తలొంచుకుని వింది.

“ఆడటం రాదన్నా వచ్చేదాన్నండీ” అంది ఆఖరికి. “నేర్చుకోవచ్చు కదండీ. అబద్ధమాడేనన్నారండీ. నేను నోరే విప్పలేదండీ. ఇంక ఆ పిల్లల ముందు ఎలా నిలబడమంటారండీ?”

నిజం చెప్పాలంటే, అప్పటికి నేను కూడా పూజ మాటే కొంత నమ్మాను. ఆట వేడిలో అరిచి ఉంటుంది, తర్వాత ఒప్పుకోలేకపోతోంది, పంతొమ్మిదేళ్ల పిల్ల కదా అనుకున్నాను. ఆ అనుకోవడం నా మొహంలో సత్యకి కనిపించే ఉంటుంది. చీకటి పడకముందే ఆటో దొరికించుకుని లాడ్జికి వచ్చేశాను. దోమలు, పైన ఎవరో కుర్చీ ఈడ్చే చప్పుడు. ఉత్త చేతులతో తిరిగెళ్లి ఇరవైమంది పిల్లలకి ఏం చెప్పాలో తోచలేదు. నాకు ఫుట్‌బాల్ రాకపోయినా ఆ పిల్లలంటే ఇష్టం. ఏ స్టేషన్లో ఎవరికి కడుపునొప్పి వచ్చిందో, ఎవరు పై బెర్తు ఎక్కడానికి భయపడతారో అన్నీ నాకు తెలుసు. వాళ్లు తలోదిక్కూ చెదిరిపోతారంటే లేచి లైటు వేసుకుని కూర్చున్నాను.

గురువారం పొద్దున్న ఇంకొక్కసారి అడిగి చూద్దామని మొదటి ఆటోలో మళ్లీ వెళ్లాను. ఏడున్నరకి కొండబాబు పడవ కడుగుతున్నాడు. ఇంటికీ పడవకీ పది బారల దూరం. సత్య షెడ్డుకి బయల్దేరబోతూ నన్ను చూసి మొహమాటంగా నిలబడింది. అంతలో నా ఫోను మోగింది. పూజ. స్పీకర్లో పెట్టాను, రెండో చేతిలో టీ గ్లాసు ఉండబట్టి.

“దీదీ, వస్తోందా రావట్లేదా?” అంది హిందీలో, గొంతు కటువుగానే. నా హిందీ రైల్వే హిందీ. అడుగుతున్నానమ్మా, కాస్త ఓపిక పట్టు అన్నాను.

అప్పుడే కొండబాబు రేవు దగ్గర్నుంచి కేకేశాడు. “సత్తీ, ఆ తెడ్డు నేనట్టుకెళతాలే, నువ్వుండు!”

“ఆయ్!” అని అరిచింది సత్య, నా పక్కనుంచే.

ఫోన్లో పూజ గొంతు ఒక్కసారి మారిపోయింది. “ఆయీ? దీదీ, ఆయీ అంది కదా? వస్తోందన్నమాట!”

టీ గ్లాసు కింద పెట్టేశాను. హిందీలో ఆడపిల్ల ‘ఆయీ’ అంటే వచ్చేశాననే. అస్సాం నుంచి గోవా దాకా మా హిందీ పిల్లల్ని భోజనానికి పిలిచిన ప్రతిసారీ నాకు వినపడిన జవాబది. నా కళ్లముందు సత్య ఒక్క అడుగు కూడా వేయలేదు. తెడ్డు నేను తీసుకుంటానని తండ్రి అంటే, సరే మీరే తీసుకోండని ఉన్నచోటనే నిలబడింది.

“సత్యా, ఇప్పుడేమన్నావు?”

“ఏమీ అనలేదండీ.”

“నాన్న తెడ్డు గురించి కేకేస్తే నువ్వు ఏదో అన్నావు.”

“లేదండీ. ఊరుకున్నానండీ.”

కొండబాబు తెడ్డు కోసం అప్పటికే వాకిట్లోకి వచ్చాడు. “ఆయ్ అంది కదండీ” అన్నాడు, ఇందులో అడగడానికేముందన్నట్టు.

సత్య మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “అది అనడమాండీ?” అంది.

పాపం, ఆ పిల్ల నిజమే చెప్పింది. పుట్టిన దగ్గర్నుంచి పెద్దవాళ్ల ప్రతి మాటకీ నోట్లోంచి వచ్చేదాన్ని తను మాటగా ఎప్పుడూ లెక్కెయ్యలేదు. పూజ తనకన్నా పెద్దది. పూజ ‘నాది’ అని కేకేస్తే, సరేనండీ మీదే అన్నట్టు నోరు దానంతటదే ఆయ్ అంది. పూజకి అది ‘వచ్చేశా’ అని వినపడింది. మా జట్టులో సత్య కాక తెలుగు పిల్లలు ముగ్గురే, ముగ్గురూ ముందు వరసలో ఆడేవాళ్లు, గోల్ దగ్గర మాట వాళ్లదాకా పోదు. గోల్‌లో నిలబడ్డ దగ్గర్నుంచి సత్య ఎన్నిసార్లు ఆయ్ అందో గాని, గాలిలో గోలలో చాలావరకు పూజ చెవిన పడి ఉండదు. పడిన మూడుసార్లూ గోలే.

నాకు వచ్చిన హిందీ అంతా పోగేసి పూజకి చెప్పాను. అటునుంచి పూజ మెల్లిగా, “అంటే దీదీ, నేను నాది అంటే తను సరే అంది. అంతేనా?” అంది.

“అంతేనమ్మా.”

“నేనేమో ఝూఠీ అన్నాను.”

ముక్కు ఎగపీల్చడం వినపడింది. ఫోను సత్యకివ్వమంది. సత్య ఫోను చెవికి పెట్టుకుని కొబ్బరిచెట్టు అవతలికి నడిచింది. వచ్చీరాని హిందీలో తను ఏం మాట్లాడిందో నాకు తెలియదు. తిరిగొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి, నవ్వుతోంది. ఫోను నా చేతికిచ్చి లోపలికెళ్లి అటక మీంచి బ్యాగు దింపుకుంది. నాక్కూడా ఏడుపొచ్చింది. టీ చల్లారిపోయిందని వంక పెట్టి ఇంకో గ్లాసు అడిగాను.

కొండబాబుకి ఫుట్‌బాల్ కన్నా ఒక ముఖ్యమైన సంగతి గుర్తొచ్చింది. జట్టు పిల్లలకి తను ఎప్పుడూ ఏమీ పంపలేదు. మేం చూస్తుండగానే ఎక్కడికో పోయి, థర్మాకోల్ పెట్టెనిండా వంజరం చేపలు పేర్చి, ఐసు పోసి, మూతకి టేపు చుట్టి తెచ్చాడు. రైల్లో ఊరుకోరండీ అన్నాను. “ఐసు బాగా ఏసేనండీ, వాసన రాదండీ” అన్నాడు. పెట్టె దగ్గర నిలబడి ఆ మాట నమ్మడానికి చాలా మంచి మనసుండాలి.

తిరుగు ప్రయాణం వేరే దారిలో చేశాం. కొండబాబు తన పడవలోనే వైనతేయ దాటించి కరవాక వైపు దింపాడు. పడవలో గాలి హాయిగా ఉంది, నీళ్లు సముద్రం వైపు లాగుతున్నాయి. దిగేటప్పుడు కూతురి నెత్తిమీద చెయ్యేసి, “గోలు పడితే పడిందమ్మా, భయపడకు” అని మాత్రం అన్నాడు. సత్య తలూపింది, ఏమీ అనలేదు. ఎందుకంటే ఈలోగా సంగతి విన్న కోచ్ గారు ఫోన్లో కొత్త ఉత్తరువు వేశారు. ఆదివారం దాకా ఆయ్ అన్న మాట నోటివెంట రాకూడదట.

తాటిపాక వరకు ఆటో. డ్రైవరు “రాజోలు బస్సుకేనాండీ?” అన్నాడు. సత్య “ఆ…” అని ఆపి, పెదాలు బిగించి, తలాడించింది. అతను అద్దంలోంచి ఆ పిల్లని చాలాసేపు చూశాడు. రాజోలు బస్టాండులో మధ్యాహ్నం పన్నెండయింది. మెస్సులో భోజనం చేస్తుంటే, వడ్డించే పెద్దావిడ “చారు పొయ్యమంటావా అమ్మా?” అని రెండుసార్లు అడిగింది. సత్య మళ్లీ తలే ఊపింది. ఆవిడ చారు పోసి, నావైపు తిరిగి, “మూగపిల్లాండీ?” అంది నెమ్మదిగా. పాలకొల్లు బస్సులో ఇంకొకావిడ, తను సీటిస్తే కనీసం ఆయ్ అనలేదని, ఈ కాలం పిల్లల గురించి దిండి దాటి చించినాడ వంతెన అయ్యేదాకా మాట్లాడింది. సత్య కిందికి చూస్తూ కూర్చుంది. పాలకొల్లు చేరేలోగా ఆ పిల్ల ఒకసారి మూగదైంది, ఒకసారి పొగరుబోతైంది.

పాలకొల్లులో మూడు దాటాక రైలు. పాసింజరు బండి, ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది, తొందరున్నవాళ్లు ఎక్కొద్దు. భీమవరం వచ్చేసరికి పెట్టెలోంచి ఐసునీళ్లు సన్నగా ఎదుటి సీటాయన చెప్పుల కిందికి చేరాయి. ఆయన ముక్కు ఎగరేసి, “వంజరమాండీ?” అన్నాడు. క్షమించండన్నాను. “ఎందుకండీ, మంచి చేప” అని కాళ్లు పైకి పెట్టుకున్నాడు.

సత్య ఉదయం నుంచీ నోరు బిగించుకోవడం చూసి చూసి నాకు కోపమొచ్చింది. ఆకివీడు దగ్గర కోచ్ గారికి ఫోన్ చేశాను. ఆట విషయంలో నేను ఆయనతో మాట్లాడటం ఈ సీజన్లో అదే మొదలు. “సార్, ఈ పిల్ల చేత పుట్టుక నుంచి ఉన్న మాట మూడు రోజుల్లో మాన్పించడం తేలికా, మిగతా పదిమందికి ఒక్క మాట నేర్పడం తేలికా?” అన్నాను. ఆయన సరేనన్నారు. ఇకనుంచి గోల్ వదిలి వచ్చే కీపరు ‘కీపర్’ అని అరవాలి. ఆయ్ అంటే ఆయ్, బంతి నీదే అని. అప్పటికే పూజ హాస్టల్లో అందరికీ నేర్పేసిందట. మణిపూర్ పిల్ల పలకలేక అందర్నీ నవ్విస్తోందట.

ఈ సంగతి చెప్పగానే సత్య ఎంత బిగ్గరగా ఆయ్ అందంటే, ఎదుటాయన కాళ్లు కింద పెట్టేశాడు.

ఆదివారం ఏమైందని అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. ఎవరూ గోలు కొట్టలేదు, డ్రా అయింది, లీగులో మిగిలాం. చూడటానికి గొప్ప ఆటేమీ కాదని కోచ్ గారే అన్నారు. కొత్తపేట టైలరు గారు చూసే ఉంటారు. వచ్చే సీజను మళ్లీ ఇవే రైళ్లు, ఇవే గ్రౌండ్లు. దేశమంతా తిరిగి ఆడే జట్టులో పిల్లలు ఒకరి మాట ఒకరు ఎంత తక్కువ వింటారో, విన్నామనుకుని ఎంత దూరం పోతారో ఈ రెండు రోజుల్లో నాకు తెలిసింది. ఇరవైమందిని ఒకే బోగీలో కూర్చోబెడితే జట్టయిపోతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను, టికెట్లు తీసేదాన్ని కదా.

ఆ గురువారం విజయవాడలో బండి ఆగేసరికి ఏడు దాటింది. ప్లాట్‌ఫారం మీద పూజ ఒక్కతే వచ్చి నిలబడి ఉంది, ట్రాక్ సూట్లో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. నేను ముందు దిగాను. దిగేవాళ్లు ఎక్కేవాళ్లు తోసుకుంటున్నారు. సత్య చేపల పెట్టె గుండెలకి ఆనించుకుని తలుపు దగ్గరికి వచ్చింది. పెట్టె బరువుగా ఉంది, టేపు తడిసి ఊడిపోయింది, కిందికి ఎవరు అందుకుంటారో తెలియలేదు.

పూజ జనాన్ని తోసుకుని ముందుకొచ్చి రెండు చేతులూ చాపింది. “మేరా!” అని అరిచింది, అచ్చం గ్రౌండులో అరిచినట్టు.

“ఆయ్!” అంది సత్య. అని పెట్టె వదిలేసింది.

నా ప్రాణం పైకి లేచి కిందపడింది. పెట్టె మాత్రం పడలేదు. పూజ పట్టుకుంది, వెనక్కి ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. ఐసునీళ్లు ట్రాక్ సూట్ నిండా కారుతుంటే నవ్వుతూ నిలబడింది.

“ఏమన్నావు నువ్వు?” అన్నాను సత్యని చెయ్యిపట్టి దింపుతూ.

“నేనేమీ అనలేదండీ” అంది.